ఏ యూర నుండవలెను?

ఉద్యోగమెచ్చట నుండునో మనుష్యుడచ్చటికి పోవుట నిన్నటివరకు లోకాచారము. ఉన్నత న్యాయస్థానము మద్రాసున నున్నంతకాలము మన న్యాయవాదులు మద్రాసు చేరిరి. రైలు కార్ఖానా ఖరగపురమున వెలసినందున ఉత్తరసర్కారుల శ్రామికులు ఖరగపురము చేరిరి. 1998వ సంవత్సరమున హైదరాబాదులో సైబరు టవర్లు తెఱవబడిన పిమ్మట మన జిల్లాల విద్యావంతులైన యువతీయువకులు ఆ నగరమును, బెంగుళూరును నింపిరి. ఇంటిలో ఇద్దరు కొడుకులున్న రైతు ఇద్దరిని చదివించి, ఇద్దరిని బండి యెక్కించి, తాను పొలముగట్టున ఒంటరిగా మిగిలినాడు. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను విధింపబడగా ఈ యాచారము తలక్రిందులైనది. ఉద్యోగి ఉద్యోగమును వెదకికొని పోవుట మాని, ఉద్యోగమే చిన్న పెట్టెలో నిమిడి ఉద్యోగి యింటికి వచ్చినది. నాడు తెలుగునాట అరుగులమీదను, మేడగదులలోను అమెరికా కంపెనీల లెక్కలు వ్రాయబడినవి.

అది ఆపద్ధర్మమని కొందరు తలచిరి. కాని శాసనములు కూడ దానికి దారి యిచ్చినవి. టెలిఫోనుపై సేవలుచేయు సంస్థలకు పూర్వముండిన రిజిస్ట్రేషను నిర్బంధమును కేంద్రప్రభుత్వము 2020 నవంబరులో తొలగించినది. 2021 జూనులో నిబంధనలను మఱింత సడలించినది. ప్రత్యేక ఆర్థిక మండలములలోని కంపెనీల యుద్యోగులు ఇంటినుండి పనిచేయుటకు 2022 జూలైలో నియమమేర్పడినది. అయితే ప్రభుత్వము తెఱచిన తలుపును యజమానులు కొంతవరకు మూసిరి. టాటా కన్సల్టెన్సీవారు 2023 అక్టోబరు 1వ తేదీనుండి వారమున కైదుదినములు ఆఫీసునకు రావలెనని తమ యుద్యోగుల నాదేశించిరి. తక్కిన పెద్ద కంపెనీలు పెక్కులు నెలకిన్ని దినములని, వారమున కిన్ని దినములని నియమము చేసికొన్నవి.

కావున నేడు ఉద్యోగులు మూడు తెఱగుల వారుగా నున్నారు. ప్రతిదినము ఆఫీసునకు పోవలసినవారు కొందరు. నెలకు కొన్ని దినములు మాత్రము ముఖము చూపి, తక్కిన దినములు ఇంటనుండి పనిచేయువారు కొందరు. ఆఫీసు ముఖమే యెఱుగక, విదేశములందలి యజమానులకు నేరుగా పనిచేసి జీతము పొందువారు కొందరు. మొదటి వర్గమువారికి ఊరెన్నుకొను స్వాతంత్ర్యము లేదు. రెండవ, మూడవ వర్గములవారికి కలదు. తక్కువ యద్దె యెచ్చట, వేగముగల ఇంటర్నెట్టెచ్చట అని రెండు ప్రశ్నలడిగి వారు ఊరిని నిర్ణయించుకొనుచున్నారు. ఇది చాలదని మా యభిప్రాయము.

సుమతీశతకకారుడు నివాసయోగ్యమగు ఊరికి నాలుగు లక్షణములు చెప్పినాడు. సమయమునకు ధనము సర్దువాడు, రోగమునకు మందిచ్చువాడు, వట్టిపోని యేఱు, ద్విజుడు. ఈ నాలుగును లేని యూరిని విడువుమని యాతని హితవు. నేడు ధనము సర్దు బ్యాంకు ప్రతియూరను కలదు కనుక దానిని విడుతము. ద్విజుడన విద్యయనియు, సద్గోష్ఠియనియు విశాలార్థమున గ్రహింతము. ఇంటనుండి పనిచేయువానికి ఇంకొక లక్షణము చేర్పవలసి యున్నది. అది తెగని తీగ. కరెంటు తీగ యొకటి, వార్తాతంత్రి యొకటి. నీరు, వైద్యము, విద్య, తీగ, వీనికితోడు అవసరపడినపుడు ఆఫీసునకు చేరగల దారి - ఈ యైదింటి త్రాసున మన నగరములను తూచి చూతము.

మొదట బెంగుళూరు. సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నుండుటచే అచ్చటి వాతావరణము మన యెండలకు మాడిన ప్రాణములకు స్వర్గతుల్యము. వైద్యమునకు, విద్యకు లోటు లేదు. తెలుగు మాట వినబడని వీథి యరుదు. కాని వట్టిపోని యేఱు ఆ యూర లేదు. సుమారు నూరు కిలోమీటర్ల దూరమునుండి కావేరీజలమును కొండయెత్తునకు తోడి తేవలసియున్నది. ఆ నీరు చేరని శివారులు బోరుబావులపై నాధారపడినవి. 2024 వేసవిలో ఆ బావులెండి, లక్షల జీతములు తెచ్చువారు సైతము ట్యాంకరుకొఱకు పడిగాపులు పడిరి. 2022 సెప్టెంబరులో అదే నగరమున ఔటరు రింగురోడ్డు చెంత ఇండ్లు వాననీట మునిగినవి. ఎండకు నీరు లేదు, వానకు నిలువ నేల లేదు. ప్రతిదినము ఆఫీసునకు పోవలసినవాడు ఈ కష్టములకోర్చుట యర్థవంతము. పోనక్కఱలేనివాడు కేవలము అలవాటుచే అచ్చట అధికమగు అద్దె చెల్లించుచుండుట మాకర్థము కాకున్నది.

చెన్నపట్టణము మనకు పరాయిది కాదు. కృష్ణాజలము కండలేరుమీదుగా 1996లో ఆ నగరమును చేరినది. తెలుగుగంగ యను పేరు ఊరక రాలేదు. సముద్రగర్భమున వచ్చు అంతర్జాతీయ తంతులు తీరమునకెక్కు ముఖ్యస్థానములలో చెన్నపట్టణ మొకటి. తీగ విషయమున దానికి సాటివచ్చు పట్టణములు మన దేశమున తక్కువ. వైద్యమునకు దక్షిణదేశమంతయు అచ్చటికే పోవును. కాని 2015 డిసెంబరున వరద, 2019 వేసవిలో జోలార్‌పేటనుండి రైలుపై నీరు తెచ్చుకొనవలసిన కఱవు, 2023 డిసెంబరున మిచాంగ్ తుపాను - ఎనిమిదియేండ్లలో మూడు విపత్తులు. నెల్లూరు, తిరుపతి వాసులు ఉద్యోగరీత్యా చెన్నపట్టణమునకు నెలకొకటి రెండుమారులు పోయి, నివాసము మాత్రము తమ యూరనే యుంచుకొనుట యుక్తము.

హైదరాబాదు సంగతి వేఱు. 1908 సెప్టెంబరున మూసీనది పొంగి నగరమును ముంచినప్పుడు పాలకులు విశ్వేశ్వరయ్యగారిని రప్పించి ఆలోచన యడిగిరి. తత్ఫలముగ 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు నిర్మింపబడి వరదను నిలిపినవి, దాహమును తీర్చినవి. ఒక్క విపత్తునుండి రెండు మేళ్ళు పుట్టించిన ఆ దూరదృష్టి నేటి పాలకులకు పాఠము. పెరిగిన నగరమునకు ఆ చెఱువులు చాలక, నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి కృష్ణను, గోదావరిని తెచ్చుకొనుచున్నారు. నీటి పద్దున హైదరాబాదు బెంగుళూరుకంటె మేలు. వైద్యము, విద్య, 2017లో ప్రారంభమైన మెట్రోరైలు, 158 కిలోమీటర్ల బాహ్యవలయ మార్గము ఇవన్నియు దాని గుణములు. దోషమేమన, పూర్వులు త్రవ్విన గొలుసుచెఱువుల శిఖములలో కాలనీలు లేచినవి. 2020 అక్టోబరున కురిసిన వాన ఆ చెఱువుల పూర్వపు హద్దులను ఇంటింటికి వెళ్ళి చూపినది. హైదరాబాదున అద్దెకు దిగువాడు ఇంటి సొగసు చూచుటకు ముందు ఆ స్థలము పూర్వమేమిటో యడుగవలెను. చెఱువు తన చోటును మఱవదు.

ఇక విశాఖపట్టణము. కొండయు, కడలియు నొక్కచోట కలిసిన యిటువంటి నగరము తెలుగుదేశమున మఱియొకటి లేదు. ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయములనుండి నీరు వచ్చును. వైద్యమునకు ఉత్తరాంధ్రమంతటికి అదియే దిక్కు. ఆంధ్రవిశ్వవిద్యాలయము దాని విద్యాసంపద. 2023 అక్టోబరున ఇన్ఫోసిస్‌వారు అచ్చట కార్యాలయము తెఱచిరి. గూగుల్‌వారు అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి అచ్చట కృత్రిమమేధా కేంద్రము నెలకొల్పుదుమనియు, సముద్రతంతిని ఆ తీరమున కెక్కింతుమనియు 2025 అక్టోబరున ప్రకటించిరి. డేటా కేంద్రమున యంత్రములకు దొరకు చోటు మనుష్యులకు దొరకదు కనుక దానివలన వేలకొలది యుద్యోగములు వచ్చునని భ్రమపడరాదు. కాని సముద్రతంతి వచ్చినచో ఊరి తీగకు బలము కలుగుననుట నిజము.

విశాఖ దోషములును దాచరానివి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరముపై పడగా దినములతరబడి దీపము లేదు, టెలిఫోను లేదు. తరువాత ప్రపంచబ్యాంకు ఋణసహాయముతో విద్యుత్తీగలను నేలక్రిందికి దింపు పని చేపట్టిరి; అది ప్రశంసనీయము. 2020 మే 7వ తేదీ వేకువను ఒక రసాయన కర్మాగారమునుండి స్టైరీన్ విషవాయువు వెలువడి, నిద్రలోనున్న జనమును కమ్మి, పండ్రెండుగురి ప్రాణములు తీసినది. ఓడరేవు బొగ్గుధూళి చుట్టుపట్ల పేటలకు నిత్యకృత్యము. విశాఖలో నివసింపగోరువాడు కర్మాగారములకును తన యింటికిని నడుమ ఎంత దూరమున్నదో, గాలి యెటు వీచునో చూచుకొనవలెను. ఈ జాగ్రత్తతో ఆఫీసు మొగము చూడనక్కఱలేని తెలుగు ఉద్యోగికి పెద్ద నగరములలో విశాఖయే యుత్తమమని మా నిర్ణయము.

బెజవాడకు కృష్ణ కలదు, 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజి కలదు, నాలుగు దిక్కులకు రైలు కలదు, చేరువనే మంగళగిరిలో అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ కలదు. వేసవి యెండ మాత్రము ప్రాణాంతకము. అంతకు మించినది 2024 సెప్టెంబరు మొదటి దినముల సంగతి. కృష్ణ బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించినది. కాని ఊరిని ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. సింగునగరు మొదలగు పేటలలో జనులు మేడలమీద, పాలకు, మంచినీళ్ళకు చేతులు చాచి, దినములకొలది గడపిరి. పెద్దనదికి కట్టగట్టి, చిన్నయేటిని మఱచిన ఫలమిది. బుడమేరునకు పూర్తిగా త్రోవ చూపువఱకు బెజవాడకు రమ్మని ఉద్యోగులను పిలుచు నధికారము ఆ నగరపాలకులకు లేదు.

రాజమహేంద్రవరమును, ఓరుగల్లును మన యువకులు చిన్నయూళ్ళని తీసిపాఱవేయుదురు. అది పొరపాటు. రాజమహేంద్రవరమున సుమతీశతకకారుడు కోరిన యేఱు గోదావరియే. మద్రాసు-హౌరా రైలుమార్గము, మధురపూడి విమానాశ్రయము, గౌతమీ గ్రంథాలయము, పూర్వకాలమునుండి వచ్చిన పండితగోష్ఠి దాని భాగ్యములు. ఓరుగల్లునకు కాకతీయుల చెఱువులు, 1959లో స్థాపింపబడిన సాంకేతిక విద్యాలయము, కాజీపేట జంక్షను కలవు. 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సయెంట్ సంస్థలు మడికొండలో కార్యాలయములు తెఱచినవి. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను హనుమకొండ కాలనీలు మునిగినవన్న మాటయు చెప్పక తప్పదు. కారణము హైదరాబాదున చెప్పినదే, నాలాలపై ఇండ్లు.

దారి సంగతి చూతము. 2023 జనవరి 15వ తేదీన ప్రారంభమైన సికిందరాబాదు-విశాఖ వందేభారత్ బండి ఓరుగల్లు, ఖమ్మము, బెజవాడ, రాజమహేంద్రవరముల మీదుగా ఇంచుమించు ఎనిమిదిన్నర గంటలలో గమ్యము చేరును. మేము పేర్కొన్న తెలుగు పట్టణములన్నియు ఆ యొక్క దారమున గ్రుచ్చిన పూసలు. హైదరాబాదు కంపెనీవారు వారమున కొకదినము రమ్మనినచో విశాఖవాసికి రానుపోను రెండు దినములు బండిలోనే గడచును; అద్దెలో మిగిలినది టిక్కెట్టునకు, అలసటకు చెల్లును. అట్టివాడు ఓరుగల్లున నుండుట మేలు. ఉదయము బండి యెక్కి పని చూచుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చును. నెలకొకమారు పోవువానికి రాజమహేంద్రవరమైనను దూరము కాదు. అద్దె యొక్కటే లెక్కవేయువాడు సగము లెక్క వేసినట్లు. ప్రయాణము, రెండవ ఇంటర్నెట్టు, ఇన్వర్టరు, ట్యాంకరు నీరు, జబ్బు చేసినచో పెద్దనగరమునకు పరుగు - ఇవన్నియు కూడిన పిమ్మట ఏ యూరు చౌకయో తేలును.

తీగ విషయము ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. న్యూయార్కున ఉదయము తొమ్మిదిగంటలగునప్పటికి మనకు వేసవిలో సాయంకాలము ఆఱున్నర, శీతకాలములో ఏడున్నర. కావున అమెరికా కొల్వు చేయువానికి రాత్రియే పగలు. ఆ సమయమున కరెంటు పోయినను, తీగ తెగినను వాని కొల్వునకే మోసము. 2022 ఏప్రిలులో ఆంధ్రప్రదేశమున విద్యుత్తు చాలక పరిశ్రమలకు విరామదినములు విధించిన సంగతి పాఠకులు మఱచి యుండరు. ఇంటర్నెట్టు తంతిని కరెంటు స్తంభములమీదుగానే లాగుట మనకలవాటు. స్తంభము కూలిన రెండును ఒక్కమారే పోవును. రెండు కంపెనీల తీగలు తీసికొనినవాడు అవి యొకే స్తంభముపై వచ్చుచున్నచో రక్ష యున్నదని తలపరాదు.

ప్రకృతి తెంచు తీగ గాక ప్రభుత్వము తెంచు తీగయు కలదు. 2022 మే 24వ తేదీన జిల్లా పేరు విషయమై అమలాపురమున అల్లరులు జరుగగా, కోనసీమలో ఇంటర్నెట్టును దినములతరబడి ఆపివేసిరి. ఇండ్లవద్ద పనిచేయు యువకులు పెట్టెలు చంకబెట్టుకొని సంకేతము దొరకు చోటును వెదకుచు జిల్లా యెల్లలకు పోవలసివచ్చెను. శాంతిరక్షణము ప్రభుత్వధర్మమే, కాదనము. కాని నేరమెఱుగని వేలమంది జీవనోపాధిని ఒక్క యుత్తరువుతో నిలుపుట న్యాయము కాదు. ఇంటర్నెట్టు ద్వారా వ్యాపారము చేసికొనుట రాజ్యాంగరక్షణ గల హక్కనియు, దానిని నిరవధికముగ ఆపరాదనియు, ఆపు నుత్తరువులను ప్రకటింపవలెననియు సుప్రీముకోర్టు 2020 జనవరి 10వ తేదీన తీర్పు చెప్పినది. ఆ తీర్పు జిల్లాధికారుల బల్లపై నుండవలెను.

ఈ యుద్యోగులు మన చిన్నపట్టణములకు వచ్చుటవలన అద్దెలు పెరిగి స్థానికులగు గుమాస్తాలు, ఉపాధ్యాయులు ఊరి వెలుపలికి పోవలసివచ్చునని కొందరి యాక్షేపణ. ఇందు సత్యము లేకపోలేదు. హైదరాబాదు జీతమును చూచి అద్దె చెప్పు గృహస్థు, పదియేండ్లుగా నున్న ఉపాధ్యాయుని లేవగొట్టుట మేమెఱుగుదుము. కాని మందు ఉద్యోగులను రావలదనుట కాదు; ఇండ్లు కట్టుటయే. ఊరిచుట్టు భూములున్న మన పాఠకులకు ఇచ్చట బాధ్యత కలదు. పొలమును ముక్కలుచేసి, మురుగుకాలువ లేని ప్లాట్లుగా అమ్ముకొనుట సులభము. నాలుగు అడుగుల కాలువకు చోటు విడుచుట నష్టము. ఆ నష్టమును నేడు భరింపనివాని మనుమలు రేపు నడుములోతు నీటిలో నిలుతురు.

స్త్రీల సంగతి మఱవరాదు. ఇంటనుండి పనియనగా పెక్కుమంది కోడండ్రకు రెండు కొల్వులు - పగలు వంటయిల్లు, రాత్రి కంపెనీ. తలుపు వేసికొని పనిచేసికొను గది యొకటి ఆమెకుండవలెనన్న జ్ఞానము ఇంటిపెద్దలకు కలుగనిదే ఏ నగరమును ఆమెకు నివాసయోగ్యము కాదు. పుట్టినయూరికి మరలివచ్చిన మగవాడు తల్లిచేతి యన్నమునకు సంతోషించును. అతని భార్య తన యేకాంతమును, తన సహోద్యోగుల చెలిమిని కోల్పోవుచున్నదేమో యడిగి తెలిసికొనుట యతని విధి.

మునిసిపాలిటీలకు మా సూచనలు నాలుగు. ఏ పేటకు ఏ నెలలో ఎన్నిగంటలు కరెంటు పోయినదో, ఎన్నిదినములు కుళాయిరాలేదో ప్రకటింపవలెను; విద్యుత్సంస్థల లెక్కలు తెప్పించి ప్రజలముందుంచుట కష్టము కాదు. చెఱువుల, వాగుల పూర్వపు హద్దుల పటమును ఆఫీసు గోడకు వ్రేలాడదీయవలెను. క్రొత్తవీథులలో తంతులు భూమిలో పోవుటకు గొట్టము వేయనిదే రోడ్డు వేయరాదు. చివరిది గ్రంథాలయము. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనము చెల్లించుచున్నాము. అది గ్రంథాలయ సంస్థలకు చేరక బకాయిపడుట క్రొత్త సంగతి కాదు. ఆ సొమ్ముతో ప్రతిపట్టణపు గ్రంథాలయమున ఒక చల్లని గది, నాలుగు బల్లలు, నమ్మదగిన తీగ, రాత్రి పదిగంటలవఱకు దీపము ఏర్పఱచినచో ఇల్లిరుకైన యువకునకు కార్యాలయమును, ఊరికి సద్గోష్ఠియు నొక్కమారే లభించును.

ఉద్యోగులకొక్క మాట. యజమాని యాజ్ఞ మారవచ్చును. ఇంట నుండుమనినవాడు రేపు రమ్మనవచ్చును. కనుక మరలివచ్చిన వెంటనే అప్పుచేసి భవనము కట్టకుడు. ఒక వేసవి, ఒక వానకారు ఆ యూర అద్దెకుండి చూడుడు. ఎండలో కుళాయిని, వానలో వీథిని చూచినవాడే ఊరిని చూచినవాడు. అటుపిమ్మట నిలువదలచితిరేని బాటసారివలె గాక పౌరునివలె నిలువుడు. వార్డుసభకు పోవుడు; ఓటరుపట్టికలో పేరు చేర్చుకొనుడు; మురుగుకాలువను గూర్చి అర్జీ వ్రాయుడు. బెంగుళూరున ట్యాంకరుకొఱకు వేచినవారికి నీటివిలువ తెలియును. ఆ తెలివి మన పట్టణములకు జీతములకంటె నెక్కువ లాభము.

మన జిల్లాలు నలువదియేండ్లుగా తమ మెఱికలను కని, పెంచి, ఎగుమతి చేసినవి. 2020లో వారు భయముచే ఇంటికి వచ్చిరి. భయము తీరగనే పోయిరి. అప్పుడు మనమేమియు చేయలేదు గనుక పోయినవారిని తప్పుపట్ట నర్హులము కాము. ఇకముందు వచ్చువారు భయముచే గాక కోరికచే వత్తురు. వారు వచ్చునాటికి బుడమేరునకు త్రోవయు, కుళాయిలో నీరును, గ్రంథాలయమున దీపమును సిద్ధముగ నుంచినచో ఏ యూర నుండవలెనను ప్రశ్నకు, మా యూరనే యని సమాధానము చెప్పు నర్హత మనకు కలుగును.